ఇంటర్వ్యూకి బెంగళూరు వెళ్తూ ఏమేం సర్దుకోవాలి?

ప్రశ్న: మాది పార్వతీపురం. విజయనగరం దగ్గర ఒక కళాశాలలో బీటెక్ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఎంబీఏ ప్రవేశ పరీక్ష క్యాట్ రాస్తే బెంగళూరు ఐఐఎం నుంచి ఇంటర్వ్యూకి పిలుపు వచ్చింది. ఫిబ్రవరి మూడో వారంలో, ఉదయం ఎనిమిదిన్నరకల్లా బన్నేరుఘట్ట రోడ్డులోని వాళ్ల ప్రాంగణంలో ఉండాలి. నేను ఇంతవరకూ విశాఖపట్నం దాటి వెళ్లలేదు. నాన్నగారు తోడు వస్తున్నారు. ముందు రోజు మధ్యాహ్నానికి చేరేటట్టు విజయనగరం నుంచి ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌కి రిజర్వేషన్ చేయించారు. స్నేహితులు సూటు కొనుక్కోమంటున్నారు, అమ్మ చీర కట్టుకోమంటోంది, పైగా పచ్చళ్లూ పిండివంటలూ కట్టడానికి అప్పుడే సిద్ధమవుతోంది. పదో తరగతి 2020లో పూర్తిచేశాను. మేము బీసీ-డి. ఏ సర్టిఫికెట్లు పట్టుకెళ్లాలి, బట్టలు ఏవి, ఇంకేమేం సర్దుకోవాలి?
– ఒక పాఠకురాలు

సమాధానం: ముందుగా అభినందనలు. మీ ప్రశ్నలో బట్టల గురించీ తిండి గురించీ ఎక్కువ ఆందోళన కనిపిస్తోంది గానీ, నేను మీ స్థానంలో ఉంటే ఆ ఆందోళన మొత్తాన్ని కాగితాల మీదికి మళ్లిస్తాను. దువ్వెన, పెన్ను, చున్నీకి పెట్టుకునే పిన్నీసు, చివరికి చెప్పుల జత మరిచిపోయినా, బెంగళూరు ప్రధాన స్టేషన్ ఉన్న మెజెస్టిక్‌లో రైలు దిగి బయటికి వచ్చిన పావుగంటలో కొనుక్కోవచ్చు. తహసీల్దారు సంతకం ఉన్న ధ్రువపత్రమో, మీ కళాశాల ప్రిన్సిపాల్ ఇవ్వవలసిన ఉత్తరమో మాత్రం బెంగళూరులో ఎంత డబ్బు పెట్టినా దొరకవు. కాబట్టి సర్దుకోవడం అనేది ప్రయాణానికి ముందు రాత్రి మొదలుపెట్టే పని కాదు. కొన్ని కాగితాల కోసం ఈ వారమే తిరగవలసి ఉంటుంది.

అన్నిటికన్నా ముందు చూడవలసింది మీ కుల ధ్రువీకరణ. మీ దగ్గర ఇప్పటికే ఒక సర్టిఫికెట్ ఉండి ఉంటుంది, అందులో బీసీ-డి అని రాసి ఉంటుంది, ఈఏపీసెట్ కౌన్సెలింగులోనూ ఫీజు రీయింబర్స్‌మెంటుకూ అదే పనికొచ్చి ఉంటుంది. ఐఐఎంలు కేంద్ర ప్రభుత్వ సంస్థలు కనుక అక్కడ ఏ, బీ, సీ, డీ అనే మన రాష్ట్ర విభజన చెల్లదు. వారికి కావలసింది కేంద్ర ప్రభుత్వ నమూనాలో, ఓబీసీ నాన్-క్రీమీలేయర్ (వెనుకబడిన తరగతుల్లో ఆదాయ పరిమితి దాటనివారు) అని స్పష్టంగా రాసి, తహసీల్దారు స్థాయికి తగ్గని రెవెన్యూ అధికారి సంతకం చేసిన పత్రం. మీ కులం కేంద్ర జాబితాలో ఏ పేరుతో ఉందో చూసుకుని, పత్రంలో అదే పేరు వచ్చేటట్టు దరఖాస్తు పెట్టాలి. మన జాబితాలో ఉన్న కులాలన్నీ కేంద్ర జాబితాలో ఉండవు, ఉన్నవాటికి కూడా పేరు కొంచెం తేడాగా ఉండవచ్చు. నాన్-క్రీమీలేయర్ అనేది ఆదాయంతో ముడిపడిన సంగతి (ప్రస్తుత పరిమితి ఏడాదికి 8 లక్షల రూపాయలు) కనుక పాత పత్రం చూపిస్తే సరిపోదు. ఏ తేదీ తరువాత జారీ అయినది కావాలో పిలుపు లేఖలోనో, ప్రవేశాల నిబంధనల్లోనో రాసి ఉంటుంది. ఆ వాక్యం వెతికి, అండర్‌లైన్ చేసి, సచివాలయానికో మీసేవకో వెళ్లేటప్పుడు ఆ కాగితాన్నీ కేంద్ర నమూనా ప్రతినీ వెంట తీసుకెళ్లండి. కౌంటర్‌లో ఉన్నవారికి రోజూ వచ్చేవి రాష్ట్ర నమూనా దరఖాస్తులే. మీరు నమూనా చూపించకపోతే అలవాటు ప్రకారం అదే ఇచ్చి పంపిస్తారు. దరఖాస్తులో మీరు ఓబీసీ అని గుర్తు పెట్టి, ఇంటర్వ్యూ నాడు సరైన పత్రం చూపలేకపోతే, అక్కడ ఎంత బాగా మాట్లాడినా ఆ చిక్కు విప్పడం కష్టం.

రెండో చిక్కు పేరు. మన పదో తరగతి మెమోల్లో ఇంటిపేరు చాలామందికి పొడి అక్షరంగానే ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా విడదీసి ఉంటుంది, క్యాట్ దరఖాస్తు నింపేటప్పుడు ఇంటిపేరు ముందు రాయాలో వెనక రాయాలో తెలియక ఇంకోలా రాసి ఉంటాము. అన్ని కాగితాలనూ ఒక బల్ల మీద పక్కపక్కన పరిచి, మీ పేరు, నాన్నగారి పేరు, అమ్మగారి పేరు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం సరిచూడండి. పొడి అక్షరానికీ పూర్తి పేరుకీ ఉన్న తేడాను, రెండు పేర్లూ ఉన్న గుర్తింపు కార్డు ఒకటి చూపిస్తే సాధారణంగా అర్థం చేసుకుంటారు. స్పెల్లింగే వేరుగా ఉంటేనో, పుట్టిన తేదీ కలవకపోతేనో మాత్రం నోటరీ దగ్గర అఫిడవిట్ రాయించి వెంట ఉంచుకోవడం మంచిది. ఇది ఒక పూట పని. అక్కడికి వెళ్లాక గుర్తొస్తే తెలియని ఊళ్లో నోటరీని వెతుక్కోవాలి.

మీ పదో తరగతి సంగతి ప్రత్యేకం. 2020లో కోవిడ్ వల్ల ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతి పరీక్షలు రద్దయి, విద్యార్థులందరినీ ఉత్తీర్ణులుగా ప్రకటించారు. మీ ఏడాది విద్యార్థుల చేతుల్లో మొదట ఇచ్చిన మెమో ఒకటి, తరువాత ఇచ్చినది ఇంకొకటి ఉంటే, రెండింటి అసలు ప్రతులూ తీసుకెళ్లండి. దరఖాస్తులో పదో తరగతి మార్కుల గడిలో మీరు ఏ అంకె వేశారో, అది ఎక్కడి నుంచి వచ్చిందో చూపించే కాగితం మీ చేతిలో ఉండాలి. పత్రాలు పరిశీలించేవారికి దేశం నలుమూలల బోర్డుల మెమోలూ వస్తుంటాయి, మన రాష్ట్రంలో ఆ ఏడాది ఏం జరిగిందో వారికి గుర్తుండాలని లేదు. రెండు వాక్యాల్లో మర్యాదగా చెప్పి, కాగితం ముందు పెడితే సరిపోతుంది.

ఇంటర్మీడియట్ మెమోతో ఇబ్బంది ఉండదు. బీటెక్‌కి మాత్రం మీ చేతిలో ఇంకా పట్టా లేదు కనుక, ఇంతవరకూ వచ్చిన సెమిస్టర్ల మెమోలన్నీ వరుసగా ఉండాలి. ఏదైనా సబ్జెక్టు మళ్లీ రాసి గట్టెక్కి ఉంటే ఆ మెమో కూడా వాటి మధ్యన ఉండవలసిందే, దాచిపెట్టవద్దు. చివరి సంవత్సరం చదువుతున్నట్టు ప్రిన్సిపాల్ నుంచి బోనఫైడ్ తీసుకోండి. సంక్రాంతి సెలవులు, ల్యాబ్ పరీక్షలు, ప్రిన్సిపాల్ గారు క్యాంపులో ఉండటం, ఆఫీసులో లెటర్‌హెడ్ అయిపోవడం లాంటి కారణాలతో ఈ చిన్న ఉత్తరానికే వారాలు పడుతుంటాయి. మీ విశ్వవిద్యాలయం గ్రేడ్లు ఇస్తుంటే, వాటిని శాతంగా మార్చే పద్ధతి మెమో వెనక ముద్రించి ఉందో లేదో చూసి, లేకపోతే విశ్వవిద్యాలయం ఇచ్చిన కాగితం ప్రతి ఒకటి జత చేయండి.

వీటితోపాటు పిలుపు లేఖ, క్యాట్ స్కోరు కార్డు, మీరు నింపిన దరఖాస్తు ప్రింటు, ఆధార్ అసలు కార్డు, దరఖాస్తులో పెట్టిన ఫోటోయే మరి నాలుగైదు ప్రతులు ఉండాలి. ఎన్‌సీసీ, క్రీడలు, ఇంటర్న్‌షిప్ వంటివాటిలో దరఖాస్తులో రాసినవాటికి మాత్రమే సర్టిఫికెట్లు పెట్టండి. ఆరో తరగతి వ్యాసరచన పోటీలో వచ్చిన ప్రశంసాపత్రం నుంచి అన్నీ మోసుకొచ్చేవాళ్లను చూశాను. ఆ లావుపాటి ఫైలులో కావలసిన కాగితం మాత్రం సమయానికి చేతికి తగలదు.

ఫైలు గురించి కాస్త విపులంగా చెప్పనివ్వండి, ఎందుకంటే ఇంటర్వ్యూ నాడు మీ చేతులు చేసే పని ముఖ్యంగా ఇదే. పారదర్శకమైన అరలున్న ఫోల్డర్ కొనండి, అరకి ఒక్క అసలు కాగితం పెట్టండి, దాని వెనకే ఆ కాగితానికి రెండు జిరాక్సులు పెట్టండి. పిలుపు లేఖలో పత్రాలను ఏ వరుసలో అడిగారో అదే వరుస పాటించండి, మీకు తోచిన వరుస వద్దు. అసలు పత్రాలను లామినేట్ చేయించవద్దు, రంధ్రాలు కొట్టవద్దు. జిరాక్సుల మీద స్వీయ ధ్రువీకరణ అడిగితే ఇంట్లోనే సంతకాలు చేసి ఉంచండి, వేచి ఉండే గదిలో ఒళ్లో పెట్టుకుని చేసే సంతకం దరఖాస్తులోని సంతకంలా ఉండదు. ఈ ఫోల్డర్‌ను జిప్ ఉన్న ప్లాస్టిక్ కవరులో పెట్టి, అన్నిటినీ స్కాన్ చేసిన ప్రతులు మీ మెయిల్‌లోనూ నాన్నగారి ఫోనులోనూ ఉంచండి. డిజిలాకర్ ఉంది కదా అని అసలు ప్రతులు ఇంట్లో వదిలేయడం మాత్రం వద్దు, లేఖలో అసలు అని ఉంటే కాగితమే చూపాలి.

ఇక బట్టలు. సూటు అవసరం లేదు. అలవాటు లేని కోటు వేసుకుని, భుజాలు సర్దుకుంటూ కూర్చునే అభ్యర్థి ఎదుటివారికీ ఇబ్బందిగానే కనిపిస్తుంది. ఫిబ్రవరిలో బెంగళూరు ఉదయం చల్లగా ఉన్నా మధ్యాహ్నానికి ఎండ బాగానే కాస్తుంది, మీ వంతు ఎప్పుడొస్తుందో ముందే తెలియదు. చీర విషయంలో అమ్మగారి మాటలో తప్పు లేదు గానీ, నేను ఒక్కటే అడుగుతాను: మీరు చీర కట్టుకుని బస్సెక్కి, నాలుగైదు గంటలు కుర్చీలో కూర్చుని, మళ్లీ లేచి నడిచిన రోజులు ఉన్నాయా? ఉంటే లేత రంగు నూలు చీర, సన్నని అంచుది, నిక్షేపంగా కట్టుకోండి. కళాశాల వార్షికోత్సవానికి తప్ప చీర ఎరగనివారైతే సల్వార్ కమీజే మంచిది. ముదురు నీలమో, బూడిద రంగో, తేనె రంగో, ఒకే రంగు కమీజు, మోచేతి దాకా చేతులు, చున్నీ రెండు భుజాల మీదా పిన్ను పెట్టినది. అద్దాలు, జరీ, గలగలలాడే గాజులు వద్దు. చెప్పులు కొత్తవి కాకుండా, కనీసం పది రోజులు తొడిగి అలవాటైనవి, వెనక పట్టీ ఉన్నవి అయితే నడక తడబడదు.

ఏది ఎంచుకున్నా బయలుదేరే వారం ముందు ఒక పూట మొత్తం ఆ బట్టలు, ఆ చెప్పులు వేసుకుని ఇంట్లో మామూలు పనులు చేసుకోండి. జాకెట్టు చంక దగ్గర పట్టేస్తోందా, కూర్చుంటే కమీజు చీలిక ఎక్కడిదాకా వస్తోంది, చున్నీ పిన్ను కుచ్చుకుంటోందా అనేవి అద్దం ముందు నిలబడితే తెలియవు. ఇస్త్రీ చేయించాక మడతల మధ్య పాత వార్తాపత్రిక పెట్టకండి, అచ్చు రంగు లేత బట్టకి అంటుకుంటుంది. తెల్లకాగితమో పలుచని తువ్వాలో పెట్టి, పెట్టెలో అన్నిటికన్నా పైన ఉంచండి. రెండో జత తప్పనిసరి. మొదటి జత మీద కాఫీ ఒలికితే మరుక్షణం మార్చుకోవడానికి అదీ ఇస్త్రీ చేసి సిద్ధంగా ఉండాలి. ఉదయం బయటికి వెళ్లేటప్పుడు ఒక పలుచని స్వెటర్ చాలు, లోపలికి వెళ్లే ముందు తీసి సంచిలో పెట్టుకోవచ్చు.

అమ్మగారి పిండివంటల గురించి: రైలులో ఒక రాత్రి గడుస్తుంది కనుక ఇంటి తిండి ఉండటమే మేలు. పులిహోర మర్నాడు ఉదయం దాకా నిలుస్తుంది, పెరుగన్నం మాత్రం బయలుదేరిన రోజు రాత్రికే ముగించాలి. చెక్కలు, సున్నుండలు ఎన్నయినా సరే. అయితే ఊరగాయ సీసా వద్దని గట్టిగా చెప్పండి. మూత ఎంత బిగించినా, పైన గుడ్డ ఎంత కట్టినా, బెర్త్ కింద ఒక రాత్రి కుదుపులకు నూనె తన దారి తాను చూసుకుంటుంది. ఆ ఎర్రటి మరక ఇంటర్మీడియట్ మెమో అంచుకి అంటితే వదలదు. అంతగా మనసొప్పకపోతే కందిపొడి పొట్లం కట్టమనండి. తిండి ఏదైనా ప్రత్యేకంగా గుడ్డసంచిలో ఉండాలి, నీళ్ల సీసా కూడా దానిలోనే, కాగితాల సంచిలో కాదు. ఇంటర్వ్యూ ఉదయం దర్శిని హోటల్లో (అక్కడ నిలబడి తినే చిన్న హోటళ్లను అలా అంటారు) రెండు ఇడ్లీలు తింటే చాలు. అంతవరకూ తినని బిసిబేళె బాత్ రుచి ఇంటర్వ్యూ అయ్యాక చూడవచ్చు.

సామానును మూడు భాగాలుగా విడదీయండి. బట్టల పెట్టె ఒకటి, తిండి సంచి ఒకటి, మీ భుజం దిగకూడని సంచి ఒకటి. ఈ మూడో దానిలో ఫోల్డరు, ఫోను, ఛార్జరు, పవర్ బ్యాంకు, నల్లని పెన్నులు రెండు (అక్కడ రాత పరీక్ష కాగితం మీదే ఉంటే ఉపయోగపడతాయి), కళ్లద్దాలు ఉంటే పాత జత, చేతిరుమాళ్లు, పిన్నీసులు, సూదీ దారం, తలనొప్పికీ జ్వరానికీ మీరు మామూలుగా వాడే మాత్ర, ఓఆర్‌ఎస్ పొట్లం, తేదీ ఎప్పుడున్నా శానిటరీ నాప్‌కిన్లు పెట్టుకోండి. పరీక్షల ఒత్తిడికి నెలసరి ముందుకు జరగడం చాలామందికి అనుభవమే. రైలులో పెట్టెకి గొలుసూ తాళమూ వేసి బెర్త్ కింద ఉంచినా, ఈ సంచి మాత్రం తల కింద పెట్టుకుని పడుకోవాలి. వందా యాభై నోట్లు కొన్ని విడిగా పెట్టుకోండి, ఫోనులో సిగ్నల్ లేక డబ్బు కట్టలేకపోయే సందర్భాలు సరిగ్గా ఆటో దిగేటప్పుడే వస్తాయి.

బస చిరునామా, ఐఐఎం చిరునామా, నాన్నగారి నంబరు, ఇంటి నంబరు ఒక కాగితం మీద రాసి అదే సంచిలో ఉంచండి. ఫోను చచ్చిపోతే మనలో చాలామందికి తల్లిదండ్రుల నంబరు కూడా నోటికి రాదు. వీలైతే బస మెజెస్టిక్ దగ్గర కాకుండా జయనగర్, జేపీ నగర్ ప్రాంతాల్లో చూసుకోండి. స్టేషన్ నుంచి బన్నేరుఘట్ట రోడ్డులోని ప్రాంగణం పన్నెండు కిలోమీటర్ల పైచిలుకు ఉంటుంది, ఉదయం ఆఫీసుల వేళ ఆ దూరానికి ఎంతసేపు పడుతుందో అక్కడివారూ చెప్పలేరు. ముందు రోజు మధ్యాహ్నం దిగి, మెట్రోలో ఆ వైపు వెళ్లి, సామాను గదిలో పెట్టి, సాయంత్రం ఒకసారి గేటు దాకా వెళ్లి చూసి రండి. గది ఖాళీ చేసే వేళ ఇంటర్వ్యూ మధ్యలో వచ్చేటట్టయితే, పెట్టె వాళ్ల కౌంటరు దగ్గర ఉంచుతారో లేదో ముందే అడగండి. స్టేషన్‌లోని క్లోక్‌రూములో పెట్టాలంటే పెట్టెకి తాళం ఉండాలి, రైలు టిక్కెట్టు చూపాలి.

పుస్తకాలు మోసుకెళ్లకండి. ఒక్క సన్నని నోటుపుస్తకం చాలు. అందులో మీ ప్రాజెక్టు గురించి ఒక పేజీ, దరఖాస్తులో రాసిన అభిరుచుల గురించి ఒక పేజీ, మీ ఊరి గురించి ఒక పేజీ రాసుకోండి. పార్వతీపురం మన్యం జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది, దేశంలో చాలామంది ఆ పేరు విని ఉండరు. ‘మీదెక్కడ’ అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది, దాని వెంట నాగావళి గురించో, తోటపల్లి బ్యారేజీ గురించో, గిరిజన సంతల గురించో ఇంకో ప్రశ్న వస్తుంది. రైలులో అంతకుమించి చదివేదేమీ ఉండదు, కిటికీ దగ్గర కూర్చుని కబుర్లు చెప్పుకోండి.

నాన్నగారు రావడంలో నామోషీ ఏమీ లేదు, అక్కడికి చాలామంది తల్లిదండ్రులతోనే వస్తారు. ఆయన్ని లోపలికి రానివ్వకపోవచ్చు కనుక, మధ్యాహ్నం దాకా బయట కూర్చోవడానికి ఆయనకి టోపీ, నీళ్ల సీసా, రక్తపోటుకో చక్కెరకో మందులు వాడుతుంటే ఆ రోజు వేసుకోవలసినవి, చదువుకోవడానికి పత్రిక విడిగా సర్దండి. ఫోన్లు లోపల ఆపేయమనవచ్చు. ఎన్ని గంటలకు, ఏ గేటు దగ్గర కలుసుకోవాలో ఆయనతో ముందే అనుకోండి.

ఇంటికి వచ్చాక ఫోల్డర్‌లోని కాగితాలను మళ్లీ బీరువాలో సర్దేయవద్దు. మరో ఐఐఎం నుంచి పిలుపు వస్తే అదే వరుస దాదాపుగా పనికొస్తుంది, జిరాక్సులు మాత్రం తగ్గినన్ని నింపుకుంటే చాలు. ప్రస్తుతానికి రేపు ఉదయమే సచివాలయానికి వెళ్లి ఓబీసీ పత్రానికి దరఖాస్తు పెట్టండి, అక్కడి నుంచి కళాశాల ఆఫీసుకి వెళ్లి బోనఫైడ్ అడగండి. సూటా చీరా అన్నది వచ్చే వారం తేల్చుకోవచ్చు.